ఏటా గ్యాస్ నింపించుకునే ఏసీ గురించి, రాజోలు వైపు నుంచి రాసిన సోదరికి

ఉత్తరం ఇది, కాస్త కుదించి ఇస్తున్నాను: "మాస్టారూ, మాది రాజోలు దగ్గర పల్లెటూరండి. మావారు మస్కట్‌లో ఉంటారు. మూడేళ్ల క్రితం ఒకటిన్నర టన్నుల ఇన్వర్టర్ ఏసీ కొన్నాం. మా అత్తగారికి ఆయాసం, అందుకని ఆవిడ గదిలోనే పెట్టించాం. రెండో ఏడు నుంచి ప్రతి వేసవికీ మెకానిక్ వచ్చి 'గ్యాస్ అయిపోయిందండి' అని నింపి రెండున్నర వేలు పట్టుకెళ్తున్నాడు. ఈ ఏడు మార్చిలో నింపాడు, రోహిణి కార్తె రాకుండానే మళ్లీ చల్లదనం పోయింది, బయట మిషన్ దగ్గర సన్న పైపు మీద మంచు కడుతోంది. అడిగితే ఏసీ అన్నాక ఏటా గ్యాస్ పడుతుందంటాడు. ఇంకొకతను వచ్చి, ఉన్నది మొత్తం తీసేసి లీక్ మూసి వాక్యూమ్ చేసి కొత్తగా నింపాలి, ఐదు వేలు దాటుతుందన్నాడు. మా మరిది ఐటీఐ చదివాడు, గేజులూ గ్యాస్ డబ్బా ఆన్‌లైన్‌లో తెప్పించి తనే నింపేస్తానంటున్నాడు. ఎవరి మాట వినమంటారు?"

అమ్మా, రెండో అతని మాట వినండి. ఎందుకో వివరంగా చెబుతాను, ఎందుకంటే మీరు ఆడమనిషి, భర్త ఊళ్లో లేరు, మిషన్ సంగతి ఆవిడకేం తెలుస్తుందిలే అని ఏదో ఒకటి చెప్పి వెళ్లిపోయేవాళ్లు ఉన్నారు, ఆ అవకాశం మీరు ఇంకెవరికీ ఇవ్వకూడదు.

ఏసీలో గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదండి. రాగి పైపుల్లో అదే గ్యాస్ లోపలి కాయిల్లో ఆవిరై గదిలో వేడి లాక్కుంటుంది, బయటి కాయిల్లో మళ్లీ ద్రవమై ఆ వేడిని వదిలేస్తుంది, తిరిగి లోపలికి వస్తుంది. పైపులు గట్టిగా ఉంటే కొన్న రోజు ఎంత ఉందో పదేళ్ల తర్వాతా అంతే ఉండాలి. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. మీ వైపు చెరువు గట్టుకు ఎండ్రకాయ బొరియ పడితే రాత్రింబగళ్లు ఇంజను పెట్టి నీళ్లు తోడి పోస్తూ కూర్చోరు కదా, బొరియ ఎక్కడుందో వెతికి మట్టి కూరి ఆ తర్వాతే నీళ్లు పెడతారు. మీ మెకానిక్ ఏటా ఇంజనే ఆడిస్తున్నాడు. మొదట ఏడాదికి పోయేది ఇప్పుడు రెండు నెలలకే పోతోందంటే బొరియ పెద్దదైంది.

అయితే చల్లదనం తగ్గిన ప్రతిసారీ గ్యాస్‌దే తప్పని కూడా అనుకోకూడదు. నేను చూసిన "గ్యాస్ అయిపోయిన" ఏసీల్లో చాలా వాటికి ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోయి ఉండేది, లేదా బయటి కాయిల్ రెక్కల మధ్య కొబ్బరి పీచు పొట్టు కూరుకుపోయి ఉండేది. కోనసీమలో పీచు ఆడించే చోటికి దగ్గరగా ఉన్న ఇళ్లలో ఇది మరీ ఎక్కువ. నీళ్ల పైపుతో మెల్లగా కడిగితే ఏసీ మళ్లీ మామూలుగా పనిచేసేది. కాబట్టి ముందు ఫిల్టరు కడగండి, బయటి మిషన్ వెనక రెక్కలు చూడండి. మీ విషయంలో మాత్రం నాకు లీకే అనిపిస్తోంది. శుభ్రంగా ఉన్న ఇన్వర్టర్ ఏసీలో సన్న పైపు మొదట్లోనే మంచు కట్టడం గ్యాస్ తక్కువైందనడానికి బలమైన గుర్తు. ఇంకో గుర్తు మీరే చూసుకోవచ్చు: మన డెల్టాలో గాలి నిండా తేమే, బాగా పనిచేసే ఏసీ డ్రెయిన్ పైపులోంచి ఈ కాలంలో నీళ్లు టపటపా పడుతూనే ఉండాలి. ఏసీ గంటసేపు నడిచినా ఆ నీళ్లు బొట్టు బొట్టుగా మాత్రమే వస్తుంటే లోపలి కాయిల్లో కొంత భాగమే చల్లబడుతోందన్నమాట.

ఇక లీక్ ఎక్కడుంటుంది? ఎక్కువసార్లు ఫ్లేర్ నట్ల దగ్గర. అంటే ఇండోర్, అవుట్‌డోర్ మిషన్లకు రాగి పైపును బిగించే ఇత్తడి నట్లు. పైపు మూతిని గరాటులా విప్పి నట్టుతో బిగిస్తారు, ఆ విప్పడంలో చిన్న గీత పడినా, నట్టు అతిగా బిగించి మూతి పలచబడినా అక్కడ కారుతుంది. పావు అంగుళం పైపుకు పదిహేను న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల, అర అంగుళానికి యాభై నుంచి అరవై దాకా టార్క్, అంటే నట్టు తిప్పే బలం, సరిపోతుంది, టార్క్ రెంచ్ ఉన్న మెకానిక్ అరుదు గనుక మోచేతి బలమే కొలతైపోయింది. రెండో చోటు కాయిళ్లు. సముద్రం గాలి తగిలే ఊళ్లలో, అంతర్వేది వైపు గానీ ఓడలరేవు వైపు గానీ, బయటి కాయిల్ అల్యూమినియం రెక్కలు ఉప్పుకు తెల్లగా పొడిరాలిపోవడం, రాగికీ రెక్కకీ మధ్య తుప్పు తినడం మామూలు. మూడోది గ్యాస్ నింపే సర్వీస్ వాల్వ్ లోపలి పిన్, మీ ఇంట్లో ఏటా గేజు తగిలించి తీస్తున్నారు గనుక దాన్నీ అనుమానించాలి, పైన ఇత్తడి మూత ఉందో లేదో ఇవాళే చూడండి, చాలా ఇళ్లలో ఆ మూత మెకానిక్ జేబులో వెళ్లిపోతుంది.

ఇక్కడ మీ మరిదికి ఒక పని. ఏసీ కట్టేసి అరగంట ఆగమనండి. ఆగాక లోపల ఒత్తిడి రెండు వైపులా సమానమవుతుంది, ఏసీ నడుస్తున్నప్పటి కంటే లావు పైపులో ఒత్తిడి బాగా పెరుగుతుంది, అప్పుడు లీక్ తేలిగ్గా దొరుకుతుంది. గిన్నెలు తోమే లిక్విడ్ కొంచెం నీళ్లలో కలిపి కుంచెతో నాలుగు నట్ల మీదా వాల్వ్ మీదా రాసి ఐదు నిమిషాలు ఓపిగ్గా చూడమనండి. బుడగ పొంగితే అక్కడే. జిడ్డు మరక కనిపించినా అక్కడే, ఎందుకంటే గ్యాస్‌తో పాటు లోపలి నూనె కూడా బయటకొస్తుంది. ఇంటి కరెంటు కట్టేసే చేయాలి. ఫోటో తీసి పెట్టమనండి, వచ్చిన మెకానిక్‌కి చూపించవచ్చు.

కానీ గ్యాస్ నింపే పని మాత్రం మీ మరిదిని చేయనివ్వకండి. తెలివి లేదని కాదు, ఐటీఐ పిల్లలు నా దగ్గర ఎందరో నేర్చుకున్నారు, చాలామంది నాకంటే బాగా చేస్తారు. మీది మూడేళ్ల ఇన్వర్టర్ అంటున్నారు గనుక అందులో బహుశా ఆర్-32 ఉంటుంది, పక్కనున్న స్టిక్కర్ చూస్తే తెలుస్తుంది. అది కొద్దిగా మండే గుణమున్న గ్యాస్. వంటగ్యాస్‌లా భగ్గుమని అంటుకోదు గానీ, లోపల గ్యాస్ ఉండగా పైపు మీద బ్రేజింగ్ (రాగి అతికించే) మంట పెడితే మండుతుంది, పైగా ఆ మంటలో విషవాయువు పుడుతుంది. ఇంకొకటి, కొందరు ఒత్తిడి పరీక్షకు నైట్రోజన్ బదులు ఆక్సిజన్ సిలిండర్ తగిలిస్తారు, చేతికి అందింది కదా అని. ఆక్సిజన్‌కు కంప్రెసర్ నూనె తగిలితే పేలుతుంది. పైపు ఊడి ఉండగానో వాల్వ్ వదులుగా ఉండగానో కంప్రెసర్ నడిపి గ్యాస్ వెనక్కి లాగబోతే గాలి లోపలికెళ్లి నూనె ఆవిరితో కలిసి డీజిల్ ఇంజన్లోలా పేలిన సందర్భాలూ ఉన్నాయి. ఆ గదిలో మీ అత్తగారు పడుకుంటారు, అది గుర్తుపెట్టుకోమనండి.

ఇప్పుడు అసలు పని ఎలా జరగాలో చెబుతాను, మీరు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని చూడండి.

ముందు లోపల మిగిలిన గ్యాస్‌ను రికవరీ మిషన్‌తో సిలిండర్లోకి తీయాలి. ఊళ్లలో దాన్ని గాల్లోకి సుయ్యిమని వదిలేస్తారు, అది తప్పు. ఒక కిలో ఆర్-32 వదిలితే 675 కిలోల బొగ్గుపులుసు వాయువు వదిలినంత వేడి భూమికి, పాత ఏసీల్లో ఉండే 410ఏ గ్యాస్ అయితే 2,088 కిలోలంత. సముద్రం పక్కన బతికేవాళ్లం, ఈ లెక్క మనకే ముందు తగులుతుంది. తర్వాత లీక్ మూయాలి, నట్టు దగ్గరైతే పైపు మూతి కోసి కొత్త ఫ్లేర్ చేయాలి, పాత దాన్నే ఇంకా బిగిస్తానంటే ఒప్పుకోకండి. కాయిల్‌ను తుప్పు తినేసి ఉంటే బ్రేజింగ్ కొన్నాళ్లే ఆగుతుంది, అది మార్చుకోవడమే మేలు, వారంటీ కార్డు ముందే తీసి చూసుకోండి, కంపెనీలు కంప్రెసర్‌కూ కాయిల్‌కూ వేర్వేరు కాలాలు రాస్తాయి.

మూశాక నైట్రోజన్‌తో ఒత్తిడి పరీక్ష. 300 నుంచి 400 పీఎస్ఐ (గేజు మీది ఒత్తిడి కొలత) వరకు మెల్లమెల్లగా పెంచి, స్టిక్కర్ మీదున్న గరిష్ఠం దాటకుండా, అరగంటైనా అలా ఉంచాలి. పొద్దున నింపి ఎండలో వదిలితే ముల్లు కొద్దిగా పైకి వెళ్తుంది, పది డిగ్రీల వేడి పెరిగితే 400 దగ్గర పదమూడు పద్నాలుగు పీఎస్ఐ దాకా, అది ఎండ వల్లే. కిందికి దిగితేనే కంగారు పడాలి. ఈ పరీక్ష ఎగ్గొట్టేవాడి చేత మిగతా పని చేయించడం దండగ.

ఇప్పుడు వాక్యూమ్. రెండో అతను అంత డబ్బు ఎందుకు అడిగాడన్నది ఇక్కడే తెలుస్తుంది. పైపు విప్పగానే లోపలికి గాలీ, గాలితో పాటు తేమా వెళ్తాయి. గాలి కండెన్సర్లో, అంటే బయటి కాయిల్లో, చిక్కుకుని ద్రవంగా మారకుండా అక్కడే చోటు ఆక్రమించి ఒత్తిడి పెంచుతుంది, కరెంటు ఎక్కువ తాగుతుంది, చల్లదనం తగ్గుతుంది. తేమ ఇంకా ప్రమాదం. ఆర్-32, 410ఏ ఏసీల్లో వాడే పీఓఈ అనే కంప్రెసర్ నూనె ఉప్పులా తేమను పీల్చుకుంటుంది, ఆ తేమతో యాసిడ్ తయారై కంప్రెసర్ లోపలి మోటారు వైండింగ్ పూతను తినేస్తుంది. రాజస్థాన్‌లో ఏసీ విప్పడానికీ ఆషాఢంలో రాజోలులో విప్పడానికీ తేడా ఉందండి, ఇక్కడ పైపు పది నిమిషాలు మూతి తెరిచి ఉన్నా నాకు నచ్చదు.

మంచి వాక్యూమ్ పంపుతో లోపలి గాలిని లాగితే ఒత్తిడి అంతగా పడిపోతుంది, దాంతో నీరు మామూలు ఎండకే మరిగి ఆవిరై బయటకు వచ్చేస్తుంది. మామూలు గాలి ఒత్తిడి 760 మిల్లీమీటర్ల పాదరసం, అంటే 7,60,000 మైక్రాన్లు. 30 డిగ్రీల దగ్గర నీరు మరగాలంటే సుమారు 32,000 మైక్రాన్లకు దిగాలి. కానీ అక్కడితో ఆపితే ఆవిరి లోపలే ఉండిపోతుంది గనుక 500 మైక్రాన్ల కిందికి దించాలి. ఇక్కడే మోసమూ అజ్ఞానమూ రెండూ కలుస్తాయి. గ్యాస్ నింపే మామూలు గేజు మీద ముల్లు 10,000 మైక్రాన్ల దగ్గరా 500 దగ్గరా ఒకే చోట నిలబడి కనిపిస్తుంది, "అదిగోండి వాక్యూమ్ పట్టింది" అని చూపిస్తారు. మైక్రాన్ గేజు అని చిన్న డిజిటల్ మీటరు వేరే ఉంటుంది, అది తెమ్మనండి. ఎంతసేపు అన్నది ముఖ్యం కాదు, పంపు నూనె పాతబడి పాలరంగు తిరిగితే గంటన్నర తిప్పినా దిగదు, కొత్త నూనె పోసిన పంపు చిన్న ఏసీని అరగంటలోనే దించవచ్చు.

500 కిందికి దిగాక పంపు వాల్వ్ మూసి పది పదిహేను నిమిషాలు ఊరికే చూడాలి. కొంచెం పెరిగి వెయ్యి లోపల ఆగిపోతే మంచిదే. పెరిగి పెరిగి రెండు వేల దగ్గర నిలిచిపోతే ఇంకా తేమ ఉంది, మళ్లీ లాగాలి, కొద్దిగా పొడి నైట్రోజన్ వదిలి మళ్లీ లాగితే ఇంకా మంచిది. ఆగకుండా పెరుగుతూనే ఉంటే లీక్ మిగిలే ఉంది, గ్యాస్ ముట్టుకోకూడదు.

నేను పని నేర్చుకున్న కొత్తలో మాకు వాక్యూమ్ పంపు లేదు, పాత ఫ్రిజ్ కంప్రెసర్‌నే పంపులా వాడేవాళ్లం, ఇప్పటికీ చాలామంది అదే చేస్తున్నారు. నరసాపురం దగ్గర ఒక ఇంట్లో వానాకాలంలో అలాగే చేసి గ్యాస్ నింపాను. ఏడాది తిరక్కుండా కంప్రెసర్ కాలిపోయింది. విప్పితే నూనె తారులా నల్లగా, ముక్కు మండే వాసన. ఆ ఇంటాయన ఒక్క మాట అనలేదు, వరి అమ్మిన డబ్బుతో కొత్తది వేయించుకున్నారు. ఆ వాసన నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది, ఆ తర్వాతే అప్పు చేసి పంపు కొన్నాను.

ఇక గ్యాస్ నింపడం. మీ అవుట్‌డోర్ పక్కనున్న స్టిక్కర్ మీద గ్యాస్ పేరూ, గ్రాముల్లో బరువూ రాసి ఉంటుంది. కాటా మీద సిలిండర్ పెట్టి సరిగ్గా అంత బరువు ఎక్కించాలి, పైపు కంపెనీ చెప్పిన పొడవు కంటే ఎక్కువుంటే మీటరుకు కొన్ని గ్రాముల చొప్పున కలపాలి, అదీ పుస్తకంలో ఉంటుంది. రొయ్య పట్టుబడి రోజున కాటా లేకుండా ఎవరైనా సరుకు లారీ ఎక్కిస్తారా? ఇక్కడా అంతే. "ముల్లు 120 చూపిస్తోంది, సరిపోయింది" అన్నది పాత స్థిర వేగం ఏసీలకు కొంత పనికొచ్చిన మాట. ఇన్వర్టర్ కంప్రెసర్ తనంతట తానే వేగం పెంచుతుంది, తగ్గిస్తుంది, దాంతో ఒత్తిడీ కరెంటూ నిమిషానికోలా మారతాయి, వాటిని చూసి ఎంత గ్యాస్ ఉందో ఎవరూ చెప్పలేరు. మీ ఇంట్లో ఏటా ఇలా అంచనాతో పోసినదంతా ఎంత ఎక్కువైందో ఎంత తక్కువైందో తెలియదు, ఎక్కువైనా నష్టమే, ద్రవం నేరుగా కంప్రెసర్లోకి వెళ్లి దెబ్బ తీస్తుంది. అందుకే ఉన్నది మొత్తం తీసి మళ్లీ తూచి పోయమనేది.

వాక్యూమ్ మీద ఉన్నప్పుడు ఎవరూ ఏసీ స్విచ్ వేయకుండా చూడండి, ఆ స్థితిలో కంప్రెసర్ నడిస్తే లోపల టెర్మినళ్ల మధ్య నిప్పురవ్వలు లేచి కాలిపోతుంది. వేసవి సాయంత్రం రొయ్యల చెరువుల మీద నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్లు ఆడుతున్నప్పుడు మీ వైపు ఓల్టేజీ పడిపోతుందేమో కూడా మెకానిక్‌ని కొలిపించి చూడండి, స్టిక్కర్ మీద రాసిన ఓల్టేజీ కంటే బాగా కిందికి జారుతుంటే స్టెబిలైజర్ పెట్టించండి.

ఫోన్ చేసినప్పుడే ఈ నాలుగూ అడగండి: నైట్రోజన్ తెస్తావా, మైక్రాన్ గేజు ఉందా, గ్రాముల కాటా ఉందా, రికవరీ మిషన్ ఉందా. రికవరీ మిషన్ లేదన్నా కొందరు మంచి పనివాళ్లు ఎక్కడో అద్దెకు తెస్తారు, మిగతా మూడింట్లో ఏ ఒక్కటి లేనివాడినీ ఇంటికి పిలవకండి. రెండో అతను ఐదు వేలు అన్నాడంటే అందులో నైట్రోజనూ గ్యాసూ పంపు అరుగుదలా సగం రోజు కూలీ ఉన్నాయి, బేరం చేయండి గానీ ఈ పనుల్లో దేన్నీ తగ్గించి బేరం చేయకండి. ఆ చివరి మైక్రాన్ అంకె, కాటా మీద ఎక్కిన గ్రాములు, తేదీ ఒక కాగితం మీద రాయించి, అవుట్‌డోర్ మూత లోపల తడి తగలని చోట టేపుతో అంటించమనండి, ఒక ఫోటో మస్కట్‌లో ఉన్న మీవారికి కూడా పంపండి. వచ్చే ఏడు ఎవరైనా వచ్చి గ్యాస్ అయిపోయిందంటే ముందు ఆ కాగితం చూపించండి.

పని అయ్యేదాకా అత్తగారిని ఆ గదిలోనే ఉంచి కిటికీలు మూసేయకండి. కారుతున్న కొద్దిపాటి గ్యాస్‌తో భయపడాల్సింది లేదు గానీ, చల్లబడని గదిలో తేమ పెరిగి ఆయాసం ఎక్కువవుతుంది. కిటికీ తీసి, ఫ్యాన్ వేసి, వీలైతే రెండు రాత్రులు వసారాలోకి మంచం మార్చండి, ఆవిడకు ఊపిరి మామూలు కంటే కష్టంగా అనిపిస్తే ఏసీ సంగతి పక్కన పెట్టి డాక్టర్ గారి దగ్గరకు తీసుకెళ్లండి. ఏసీ బాగయ్యాక 24 దగ్గర పెట్టండి.